పావు నయాపైసా బాకీ

మా మావయ్య ముప్పై మూడేళ్ళు సోషల్ చెప్పి రిటైరైన మాస్టారు. తారీఖుల విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. మూడు పానిపట్టు యుద్ధాలూ ఏ ఏ ఏడు జరిగాయో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అలాంటి మనిషి ఒక సాయంత్రం ఫోనులో, పాత క్లాసువాళ్ళ గ్రూపులో, ఇలా రాశారు: "మాయాబజారు రిలీజైన రోజునే చూశాన్రా నేను. పన్నెండు నయాపైసలు పెట్టి, నేల మీద, మా నాన్న పక్కన కూచుని."

రాసి, ఫోను బల్ల మీద బోర్లించి, కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ కూచున్నారు. రెండు నిమిషాలు గడిచాయి. ఫోను ఒకసారి మూలిగింది. కాసేపాగి ఇంకోసారి. ఆ తరవాత ఆగలేదు.

"తమరు చూసింది ఏ మాయాబజారండీ మాస్టారూ? విజయావారిదైతే 1957 మార్చి 27న వచ్చింది. నయాపైసలు ఏప్రిల్ ఒకటిన వచ్చాయి. అయిదు రోజుల ముందే తమ నాన్నగారు సొంత టంకశాలలో గానీ కొట్టించారా?"

ఇది బ్యాంకాయన దెబ్బ. మేనేజరుగా చేసి దిగినాయన. పైసా తేడా వస్తే రాత్రి పదింటిదాకా బ్రాంచి తలుపులు మూయనివ్వలేదని పేరు.

ఆ గ్రూపు పేరు 'సిక్స్తు ఫారం బి సెక్షను'. కోనసీమలో ఒక బోర్డు హైస్కూల్లో 1965లో ఎస్సెల్సీ రాసినవాళ్ళు. అందరికీ డెబ్బై అయిదు దాటింది. కొందరు ఊళ్ళోనే ఉన్నారు, కొందరు హైదరాబాదు, విశాఖల్లో కొడుకుల దగ్గర, ఒకావిడ న్యూజెర్సీలో కూతురి దగ్గర. మావయ్య ఫోనులో దీన్ని పెట్టింది నేనే కనక నన్నూ ఉంచేశారు, అడ్మిన్ అని. పేరు గొప్పే గానీ, బావిలో చేద పడితే పాతాళభేరి వేసి తీసిపెట్టేవాడి ఉద్యోగం. ఎవరి ఫోటో పోయిందో, ఎవరి అక్షరాలు చీమలంత అయిపోయాయో చూసి బాగుచెయ్యాలి. మిగతా వేళ ఒడ్డున కూచుని వింటూ ఉంటాను.

మొదట్లో నేనూ అందరిలాగే అనుకున్నాను, పెద్దవాళ్ళు, పొద్దుపోక కబుర్లు అని. రెండేళ్ళు వింటే గానీ అందులో పనితనం కనిపించలేదు. నగ బాగుందని ఎవరైనా అంటారు. ఎక్కడ అతికాడో కనిపెట్టాలంటే కంసాలి పక్కన కూచోవాలి.

ఆ సాయంత్రం సంగతి చూడండి. బ్యాంకాయన అంత మాటన్నా మావయ్య బదులు పలకలేదు. సందు వదిలేశారు. ఆ సందులోంచి ఒకాయన దూరారు: "రిలీజైన రోజున మన ఊరికి రావడమేమిట్రా? మన డేరా హాల్లోకి వచ్చేసరికి బెజవాడలో వంద రోజులు ఆడేసి ఉంటుంది."

"అయితే అప్పటికి నయాపైసలు వచ్చేసినట్టే. మాస్టారు నెగ్గాడు."

"నెగ్గలేదు. రిలీజైన రోజున అన్నాడు గానీ మన ఊళ్ళో రిలీజైన రోజున అనలేదు."

"ఆ డేరాలో మిషను ఒకటే కదర్రా. రీలు అయినప్పుడల్లా దీపాలు వేసేవాడు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూ ఎగిరే ముందు రీలు అయిపోయింది. మళ్ళీ వేసేదాకా నేను నోరు తెరుచుకునే కూచున్నా."

"నువ్వు ఇప్పటికీ ముయ్యలేదు."

ఇక్కడితో సరిపోవలసిందే. కానీ ఎవరో, పన్నెండు నయాపైసలంటే రెండణాలేగా అన్నారు. బ్యాంకాయన ఊరుకోలేదు. రూపాయికి పదహారు అణాలు, నూరు నయాపైసలు. ఆ లెక్కన అణాకి ఆరుంబావు నయాపైసలు. పావు నయాపైసాకి నాణెం లేదు కనక అణాని ఆరుకీ, రెండణాలని పన్నెండుకీ, మూడణాలని పంతొమ్మిదికీ, పావలాని ఇరవై అయిదుకీ కట్టారు. పాత నాణేలూ కొత్త నాణేలూ కలిసి చలామణీ అయిన ఆ రోజుల్లో ఎనిమిదేళ్ళ పిల్లలు వీళ్ళు. అంగడికి పంపేది వీళ్ళనే. తేడా వస్తే వీపు పగిలేదీ వీళ్ళకే.

అంతసేపూ మాట్లాడని నర్సుగారు అప్పుడు రాశారు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసినావిడ. "ఇంగువకని మా అమ్మ అణా ఇచ్చి పంపింది. కొట్లో ఆరు నయాపైసల ఇంగువే కట్టారు. ఆ పావు నయాపైసా ఎవరు తిన్నట్టు?"

ఆ కొట్టు వారబ్బాయి గ్రూపులోనే ఉన్నారు. మనవరాళ్ళకి పెళ్ళిళ్ళు చేసినా బి సెక్షనుకి ఆయన కొట్టబ్బాయే. "అది పొట్లానికి కట్టిన దారం ఖరీదు" అన్నారాయన.

"దారం సంగతి తరవాత. ముందు అసలు తేలాలి" అని బ్యాంకాయన లెక్కకి కూచున్నారు. రూపాయి వడ్డీ, ఏడాదికోసారి వడ్డీని అసల్లో కలుపుతూ, 68 ఏళ్ళకి పావు నయాపైసా అయిదు రూపాయల యాభై ఆరు పైసలు అయింది. నేనూ వేసి చూశాను. సరిగ్గానే ఉంది. కొట్టబ్బాయిగారు ఆ సొమ్ము అక్కడికక్కడే నర్సుగారి ఫోనుకి పంపించి రసీదు అడిగారు.

"ముట్టింది. దారం వెనక్కి పంపుతున్నాను" అన్నారావిడ.

అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. పదకొండు మంది మాట్లాడారు. అంతటికీ మూలం మావయ్య రాసిన రెండు వాక్యాలూ, అందులో ఒక తప్పూ.

అన్నం తింటున్నప్పుడు అడిగాను. "మావయ్యా, నయాపైసలు ఎప్పుడొచ్చాయో మీకు తెలీదా?"

"1964లో నయా అన్న మాట తీసేసి ఉత్త పైసలే చేసిన సంగతి కూడా తెలుసు."

"మరి అలా రాశారేం?"

"సరిగ్గా రాస్తే ఏమంటార్రా అబ్బాయ్? బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి పడుకుంటారు."

నల్లబల్ల మీద తప్పు రాసి వెనక్కి తిరిగి పిల్లల వంక చూడడం పాత మాస్టర్లకి తెలిసిన విద్యే. వెనక బెంచీవాడు కూడా చెయ్యెత్తుతాడు. మావయ్య ఆ సుద్దముక్కనే ఫోనులోకి తెచ్చారు. ఆ తరవాత ఆయన పాత మాటలన్నీ వెనక్కి జరిపి చదువుకున్నాను. ఏ తప్పు పడితే ఆ తప్పు చెయ్యరు. మరీ పెద్ద తప్పైతే మతిపోయిందనుకుని జాలిపడతారు, జాలి పుడితే కబురు చచ్చిపోతుంది. మరీ చిన్నదైతే ఎవరూ పట్టించుకోరు. ఎదుటివాడు తనకి బాగా తెలుసని గర్వపడే చోట, వాడి చేతికి అందే ఎత్తులో తప్పుని తగిలిస్తారు. అన్నిటికంటే నాకు ముచ్చటేసేది మరొకటి. ఆ తప్పు వల్ల పరువు పోతే అది ఆయనదే. ఇంకొకరిది పోయే తప్పు ఈ రెండేళ్ళలో ఒక్కటీ చెయ్యలేదు.

ముళ్ళపూడి వెంకటరమణ తన జ్ఞాపకాలు స్వాతి వారపత్రికలో రాస్తూ వాటికి కోతి కొమ్మచ్చి అని పేరు పెట్టారు. కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకే కబుర్లు కనక ఆ పేరు అమరిందని అందరం అనుకుంటాం. నిజమే. కానీ ఆ ఆటలో దూకడానికి ముందు ఒకటుంది. చెట్టు కింద గిరి గీసి, అందులోంచి కర్రని దూరంగా విసురుతారు. దొంగ పరిగెత్తుకెళ్ళి ఆ కర్ర తెచ్చి గిరిలో పెట్టేలోగా మిగతావాళ్ళు చెట్టెక్కాలి. కర్ర మరీ దగ్గర పడితే ఎక్కడానికి వ్యవధి ఉండదు, మరీ దూరం పోతే దొంగ అలిసిపోయి ఆట మానేస్తాడు. మావయ్య తప్పులు సరిగ్గా ఆ కర్ర విసురు. రమణగారు పుట్టిన ధవళేశ్వరం ఈ బి సెక్షనుకి ఏటికి అవతలిగట్టే. ఆ గాలిలో ఏదో ఉన్నట్టుంది.

ఇక వెటకారం. గోదావరి జిల్లాల వెటకారం గురించి చాలామంది రాశారు గానీ, అందులో సర్వనామాల వాడకం ఎంత పదునైనదో ఇక్కడ చూశాను. వీళ్ళలో మామూలు పిలుపు 'ఒరే', 'నువ్వు'. ప్రేమ ఎక్కువైతే తిట్టుపదం. ఎవడైనా గొప్పలు పోతున్నాడనిపిస్తే వెంటనే 'తమరు' దిగుతుంది. పైన బ్యాంకాయన మాట మళ్ళీ చూడండి. తమరు, అండీ, మాస్టారూ, నాన్నగారు, మర్యాదకి లోటే లేదు. ఒక్కో గౌరవవాచకమూ ఒక్కో సూది. అదే మాట 'ఒరే, తప్పురా' అని రాస్తే పరీక్ష పేపరు దిద్దినట్టుండేది. మూడోది 'మీరు'. అది వచ్చిందంటే నిజంగా కోపం వచ్చిందన్నమాట. ఈ రెండేళ్ళలో 'మీరు' రెండుసార్లే చూశాను. రెండుసార్లూ ఎన్నికలప్పుడే. ఆ రెండు వారాలూ గ్రూపు చదవబుద్ధి కాలేదు, ఎంత పనివాళ్ళైనా ఆ సరుకుతో ఏమీ చెయ్యలేకపోయారు.

బి సెక్షన్లో ఆడపిల్లలు ఇద్దరే. నర్సుగారూ, న్యూజెర్సీ ఆవిడా. ఫస్టు ఫారం నుంచి సిక్స్తు ఫారం దాకా ఆరేళ్ళు ఒకే గదిలో చదివి మగపిల్లలతో ఒక్క మాటా మాట్లాడలేదు. అప్పటి పద్ధతి అది. గ్రూపులో చేరాక కూడా కొన్ని నెలలు అందరూ 'గారు', 'అండీ'లతోనే నడిపారు. న్యూజెర్సీ ఆవిడ తన పొద్దుటి కాఫీ వేళకి వస్తారు, ఇక్కడ అందరూ రాత్రి భోజనాల ముందు కూచునే వేళ అది. ఒకరోజు, స్టేషను మాస్టరుగా చేసి దిగిన మరొకాయన, మన క్లాసులో తెలివైనవాళ్ళంతా మగపిల్లలే అని ఏదో వాగితే, ఆవిడ అమెరికా నుంచి ఒకే మాట పంపారు.

"పోరా."

మూడు నిమిషాలు ఎవరూ ఏమీ రాయలేదు. నేను ఫోను పట్టుకుని ఊపిరి బిగబట్టాను. అప్పుడు స్టేషను మాస్టారుగారు రాశారు: "ఈ మాట అనడానికి నీకు అరవై ఏళ్ళు పట్టిందమ్మా." ఆ పూటనుంచి గ్రూపులో 'గారు'లు రాలిపోయాయి.

వీళ్ళలో సగం మందికి టైపు చెయ్యడం రాదు. ఫోనుకి నోటితో చెబుతారు, అది తనకి తోచింది రాస్తుంది. కొట్టబ్బాయిగారు ఒకరోజు "మా వియ్యంకుడు దిగాడు, మళ్ళీ మాట్లాడతా" అన్నారట. గ్రూపులో పడింది మాత్రం "మా వెయ్యి ఇంకుడు దిగాడు". క్షణంలో అందుకున్నారు: "వెయ్యి ఇంకుడు గుంతలే! గవర్నమెంటు వాళ్ళు కూడా ఇన్ని తవ్వలేదు." "దిగాడా, ఇంకాడా?" "మూడు రోజులు కాఫీ పొయ్యి, అదే ఇంకుతుంది." ఇంకొకరైతే కంగారుపడి ఆ మాట చెరిపేద్దురు. ఇక్కడ చెరపడం నేరం. నోరు జారితే జారిన మాట సొమ్ము అందరిదీ. ఇప్పుడు బి సెక్షన్లో ఎవరి వియ్యంకుడైనా వెయ్యి ఇంకుడే. మొన్న ఒక శుభలేఖ ఇవ్వడానికి వచ్చిన పెద్దమనిషితో నేనే "మీ వెయ్యి ఇంకుడు గారు బాగున్నారా" అనబోయి దగ్గు నటించాను.

నేరం అంటే జరిమానా గుర్తొచ్చింది. ఎక్కడినుంచో వచ్చినదాన్ని ఇక్కడికి తోసెయ్యడం, అదే ఫార్వర్డు, నిషిద్ధం. పంపినవాడు తన సొంత బతుకులోంచి ఇంతవరకు ఎవరికీ చెప్పని ముక్క ఒకటి చెప్పి తప్పు చెల్లించుకోవాలి. ఈ నిబంధన ఎవరు పెట్టారో గానీ వాళ్ళకి నా నమస్కారం. వెల్లుల్లితో గుండెజబ్బు మాయం అని పంపినందుకు ఒకాయన కట్టిన జరిమానా ఇది. పియూసీలో చేరడానికి కాకినాడ వెళ్తూ, కోటిపల్లి రేవు దాటేటప్పుడు పడవ ఊగి, రేకుపెట్టెలో అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ ఒరిగింది. అవతలి ఒడ్డున పెట్టె తెరిస్తే ఎస్సెల్సీ బుక్కు అట్ట దాటి లెక్కల మార్కుల దాకా ఎర్రటి నూనె. కాలేజీ గుమాస్తా ఆ పుస్తకం అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, "సీటు ఇస్తాం గానీ అన్నం ఏదీ?" అన్నాట్ట. కథ చెప్పి ఊరుకోలేదు, ఆ పేజీ ఫోటో తీసి పెట్టారు. మరక అలాగే ఉంది, ఇటుక రంగుకి దిగింది. లెక్కల్లో ఎన్ని మార్కులో మాత్రం కనిపించడం లేదు. ఆ సంగతి మీద ఇంకో గంట నడిచింది.

ప్రతిరోజూ ఇలా ఉంటుందనుకోకండి. పొద్దున్నే గులాబీలతో శుభోదయాలు, పరగడుపు షుగరు ఎంత, తిన్నాక ఎంత, మోకాలికి ఏ నూనె, వారంలో నాలుగు రోజులు ఇదే. రేడియో సిలోను, మీనాక్షి పొన్నుదురై గొంతు ప్రస్తావన వచ్చిందంటే నేను ఫోను మూసేస్తాను. ఎన్నిసార్లు ఎత్తినా అదే దారిన పోయి అక్కడే ఆగుతుంది. జ్ఞాపకం ఎంత తియ్యనిదైనా అందులో దిద్దడానికి ఏమీ లేకపోతే కబురు లేవదు.

గ్రూపులో ఇరవై ఆరు నంబర్లు కనిపిస్తాయి. ఒకటి నాది. ఇద్దరు ఇక రాయరు. వాళ్ళ నంబర్లు తీసేయమంటారా అని ఒకసారి అడిగితే మావయ్య నా వంక చూసి, "ఎందుకు, వాళ్ళేమన్నా చోటు ఆక్రమిస్తున్నారా?" అన్నారు. మళ్ళీ అడగలేదు.

మొన్న మాఘమాసంలో స్టేషను మాస్టారుగారికి గుండెకి స్టెంటు వేశారు. ఇంటికైతే వచ్చేశారు గానీ పదకొండు రోజులు గ్రూపులో మాట లేదు. ఎవరితోనూ మాట్లాడటం లేదనీ, మంచం దిగడం లేదనీ వాళ్ళబ్బాయి మావయ్యకి ఫోను చేసి చెప్పాడు. గ్రూపులో ఒక్కరు కూడా "ఎలా ఉన్నావురా" అని అడగలేదు. నాకు కష్టంగానే అనిపించింది. ఒక సాయంత్రం మావయ్య పిలిచి ఫోను చేతికిచ్చారు.

"నేను పెట్టినవి వాడు చదువుతున్నాడేమో చూడరా."

చూశాను. "అన్నీ చదువుతున్నారు మావయ్యా."

"చాలు."

ఆ రాత్రి ఏడున్నరకి మావయ్య రాశారు: "రాజమండ్రి హేవలాకు వంతెన కాటన్ దొర కట్టించిందే కదర్రా. పిల్లలకి ముప్పై మూడేళ్ళు అలాగే చెప్పాను."

నేను ఇక బ్యాంకాయన సూది కోసం చూస్తున్నాను. రాలేదు. నర్సుగారు ఏమీ అనలేదు. వంతెన మీద వందసార్లు తిరిగిన కొట్టబ్బాయిగారు మాట్లాడలేదు. న్యూజెర్సీ ఆవిడ కాఫీ వేళా గడిచిపోయింది. అంతమందికీ తెలిసిన తప్పు, చేతికందే ఎత్తులో ఉన్న తప్పు, గంటా నలభై నిమిషాలు ఎవరూ ముట్టుకోలేదు. తాకరాదని ఒకరికొకరు చెప్పుకోనూ లేదు.

తొమ్మిదీ పదికి వచ్చింది. నోటితో చెప్పింది కాదు, వేలితో కొట్టింది. అక్షరానికో తప్పు. నేను దిద్ది రాస్తున్నాను:

"కాటన్ కట్టించింది ధవళేశ్వరం ఆనకట్ట. 1852లో పూర్తయింది. హేవలాకు మీద మొదటి రైలు నడిచింది 1900లో. అప్పటికి కాటన్ పోయి ఏడాది. యాభై ఆరు ఖానాల వంతెన అది, 1997 దాకా బళ్ళు నడిచాయి. నీ దగ్గర చదువుకున్న పిల్లలు ఏమైపోయార్రా దరిద్రుడా."

మావయ్య ఒక్క ముక్క రాశారు: "ఆయ్."

ఆ వెంటనే, జీవితంలో ఏ లెక్కా తప్పని బ్యాంకాయన అందుకున్నారు: "యాభై ఆరు కాదురా, యాభై అయిదే. పెళ్ళిచూపులకి వెళ్తూ కిటికీలోంచి లెక్కపెట్టాను."